భిలాయిలో ఫూఫాజీగా రెండు రోజులు

భిలాయి ఎలా ఉందని నేను పనిచేసే సైటులో ఇప్పటికి నలుగురు అడిగారు. రోడ్లు వెడల్పుగా ఉన్నాయి, చెట్లు వరసలో ఉన్నాయి, కుళాయి నీళ్ళు వేళకు వస్తాయి, పది అడుగులకో తెలుగు గొంతు వినిపిస్తుంది అని చెప్పాను. అవన్నీ నిజాలే. వాళ్ళకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పవర్ హౌస్ స్టేషన్లో బండి దిగినప్పుడు నేను ఇద్దరు కొడుకుల తండ్రిని. మర్నాడు నడిబజారులో, పెద్దవాడి నోటి మీదుగానే, వాళ్ళ మేనత్త మొగుణ్ణయ్యాను. తిరిగి వచ్చి మూడు వారాలైనా కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తే ఊరి అందాలు ఎక్కువగా, అసలు సంగతి తక్కువగా వస్తాయని ఇప్పుడే రాస్తున్నాను.

మెకానికల్ డిప్లొమా చేసి, బాయిలర్లు నిలబెట్టే కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక బాయిలరు లేచి పొగ వదిలేసరికి మా మకాం ఇంకో ఊరికి మారుతుంది. ఏ ఊళ్ళోనూ పిల్లలకు బడి కుదరలేదు. అందుకని కిందటేడు జూన్‌లో నా భార్య వరలక్ష్మినీ, మా పెద్దోడు కిశోర్‌నీ, చిన్నోడు బాబ్జీనీ భిలాయిలో మా అత్తవారింట దించాను. మామగారూ అత్తగారూ ఉండేది, ప్లాంటులో పనిచేసే వరలక్ష్మి అన్న క్వార్టర్లోనే. కిశోర్‌కు ఏడేళ్ళు, బాబ్జీకి ఐదు. బడిలో చేర్పించే పని మా మామగారు తన మీద వేసుకున్నారు. మంచి బడి దొరికిందని, హిందీ రావాలి కనుక కిశోర్‌ను మళ్ళీ ఒకటో తరగతిలో వేశారని ఉత్తరం వచ్చింది. సరే అనుకున్నాను. తరువాత రెండుసార్లు వెళ్ళినా ఒక్కో పూట ఉండి వచ్చేశాను, గుమ్మం దాటలేదు. ఈసారి, 1996 ఫిబ్రవరిలో, రెండో శనివారం, ఆదివారం కలిసివచ్చాయి. ఈ రెండు రోజులూ పిల్లల్ని నేనొక్కణ్ణే ఊరంతా తిప్పుతానని ముందే రాశాను. చూడవలసినవి, కొనవలసినవి, తినవలసినవి అని మూడు వరసలు గీసిన కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరాను.

సెక్టర్ 2

ప్లాంటు కట్టిన ఊరు కాబట్టి ఇక్కడ పేటలకు దేవుళ్ళ పేర్లూ రాజుల పేర్లూ లేవు, నంబర్లున్నాయి. సెక్టర్ నంబరు, దానిలో వీధికి సడక్ నంబరు, దానిలో క్వార్టర్ నంబరు. ఇళ్ళన్నీ ఒక్క డ్రాయింగుకు తీసిన ప్రింట్ల లాగా ఉంటాయి. తెలుగువాళ్ళ ఇల్లు ఏదో పెరట్లో మునగచెట్టును బట్టీ, గడప ముందు ముగ్గును బట్టీ గుర్తుపట్టాలి. పొద్దున షిఫ్టు వేళకు సైకిళ్ళు ఒకే దిక్కుకు, ఏరు పారినట్టు పోతాయి. నాకు అది చాలా నచ్చింది. ఒక పద్ధతి ప్రకారం నడిచేది ఏదైనా నాకు నచ్చుతుంది.

ఉదయం ఫలహారం పోహా. మా విజయనగరం వైపు అటుకులు పండగకో పబ్బానికో గాని తినం. ఇక్కడ వాటినే నానబెట్టి, ఉల్లిపాయ వేసి, పైన కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి రోజూ తింటారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటిన మా అత్తగారు కూడా ఇప్పుడు ఉప్మా చేయడం మరిచిపోయారట.

మా మామగారికి రెండు పేర్లు. ఇంట్లో రామ్మూర్తి, వీధిలో సింహాచలం. ప్లాంటు కడుతున్న రోజుల్లో ఉద్యోగపు పిలుపు వాళ్ళ అన్న సింహాచలానికి వచ్చింది. నిప్పు దగ్గర పని అని తెలిసి ఆయన వెళ్ళనన్నాడు. కాగితం వృథా పోకూడదని తమ్ముడు, అంటే మా మామగారు, బండెక్కి వచ్చాడు. రిటైరయ్యే దాకా అన్న పేరు మీదే పనిచేశాడు. శనివారం పొద్దున పక్క క్వార్టరాయన గోడ మీదుగా "సింహాచలం గారూ, పేపరొచ్చిందా" అని అడిగితే మామగారు "ఇదిగో" అని అందించారు. పెళ్ళైన కొత్తలో ఈ కథ విని నవ్వాను. ఆ పొద్దున కూడా నవ్వాను.

బాబ్జీ నన్ను "ఓయ్" అని పిలుస్తున్నాడు. ఓయ్ చెప్పులెక్కడ, ఓయ్ ఎప్పుడెల్దాం. నాన్నా అనరా అంటే నోటి మీద వేలు పెట్టుకుని పరిగెత్తాడు. పెంకితనం అనుకున్నాను.

బయల్దేరే ముందు వరలక్ష్మి ఒక షరతు పెట్టింది.

"సివిక్ సెంటర్ వేపు ఎల్లకండి."

"ఎందుకు?"

"సెలవు రోజు కదండీ. తోసుకుంటా ఉంటారు."

"మరి పవర్ హౌసో?"

కాసేపు ఆలోచించింది. "పవర్ హౌస్ పరవాలేదు. వేగిరం వొచ్చీండి."

కాగితంలో, సెక్టర్లవాళ్ళంతా చేరే సివిక్ సెంటర్‌ను కొట్టేశాను. రద్దీ సంగతి ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది కదా.

పవర్ హౌస్

రిక్షావాడు రాయపూర్ అవతలి పల్లె మనిషి. దారి పొడుగునా తన ఎద్దు గురించి ఛత్తీస్‌గఢీలో చెప్పాడు. నాకు సగం అర్థమైంది, కిశోర్‌కు మొత్తం అర్థమై నాకు తెలుగులో చెప్పబోయి, మాటలు దొరక్క హిందీలో చెప్పాడు. ఎద్దు అన్న మాట వాడికి రాలేదు. "అదే నాన్నా, గాయ్ వాళ్ళ హస్బెండ్" అన్నాడు. అప్పటికి రిక్షాలో మేం ముగ్గురమే ఉన్నాం కనుక నన్ను నాన్నా అన్నాడని నాకు ఆ తరువాతే తట్టింది.

పవర్ హౌస్ అంటే కరెంటు కేంద్రం కాదు, బజారు. ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క బస్సులు, మధ్యలో బట్టలు, గిన్నెలు, ఇనప పెట్టెలు, ఆటోల హారన్లు. సెక్టర్లలో కనిపించే వరసలూ నంబర్లూ ఇక్కడ లేవు. జోళ్ళ దుకాణంలో ముసలి సేఠ్ నన్ను మా ఊరు అడగలేదు, కులం అడగలేదు, "ఏ షాపు?" అన్నాడు. షాపు అంటే ఇక్కడ ప్లాంటులో మనిషి పనిచేసే విభాగం. నేను ప్లాంటు వాణ్ణి కాదని చెప్పగానే ఆయన ముఖంలో మర్యాద ఒక మెట్టు దిగింది, ధర ఒక మెట్టు ఎక్కింది. ఎవరి షాపు పేరూ చెప్పకుండా బేరమాడి ఇద్దరికీ రెండు జతలు కొన్నాను. పెద్దవాడు కొత్తవి తొడుక్కునే నడిచాడు. చిన్నవాడి జత డబ్బాలో ఉంది.

తరువాత గుప్‌చుప్ బండి. మనవైపు పానీపూరీ అనేదే, ఇక్కడ పేరు వేరు, రూపాయికి నాలుగు. చింతపండు నీళ్ళలో పుదీనా ఘాటు ఎక్కువ. ఆఖర్న ఉప్పు చల్లిన ఉత్త పూరీ ఒకటి ఊరికే ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి, మొహమాటపడితే నవ్వుతారు. ఇది నాకు బాబ్జీ నేర్పాడు. జోళ్ళ డబ్బా బండి మీద పెట్టి, ఆకుదొన్నె పట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. నాకు ఆ ఊరు చాలా బాగున్నట్టు అనిపించిన ఆఖరి నిమిషం అదే.

చేతిలో మెంతికూర సంచితో ఒకావిడ మా దగ్గర ఆగింది.

"కిశోర్ బేటా, పాపా కే సాథ్ ఆయే హో?" అంది. నాన్నతో వచ్చావా అని. అంటూ నా వైపు తిరిగి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఆవిడ ఎదురుచూసిన మనిషిని నేను కాదు.

కిశోర్ నా చెయ్యి వదిలేశాడు. కాళ్ళు దగ్గరగా పెట్టి, పాఠం ఒప్పచెప్పినట్టు అన్నాడు: "నహీ మేడం. యే మేరే ఫూఫాజీ హై."

ఫూఫా అంటే నాన్న అక్కకో చెల్లెలికో మొగుడు. నాకు హిందీ బాగా వచ్చు, రెండేళ్ళు చంద్రపూర్ సైటులో ఉన్నాను. నోట్లో గుప్‌చుప్ ఉంది. మింగాను.

ఆవిడ నమస్కారం పెట్టింది, ఊరి నుంచి వచ్చారా అని అడిగింది. తల ఊపాను. కిశోర్ లెక్కల్లో క్లాసుకు ఫస్టు అంది. వెళ్ళబోతూ వాడి బుగ్గ పట్టుకుని, మొన్న పుట్టినరోజుకు పంచిన చాక్లెట్లు అందరికీ నచ్చాయని పాపాతో చెప్పమంది. నా కొడుకు పుట్టింది ఆగస్టులో, విజయనగరం పెద్దాసుపత్రిలో. ఆ రోజు నేను బయట బల్ల మీదే ఉన్నాను.

ఆవిడ కనుమరుగయ్యే దాకా ఆగాను.

"ఎవర్రా ఆవిడ?"

"మా క్లాస్ టీచర్."

"నేను నీకేమవుతాను?"

వాడు అటూ ఇటూ చూసి చెప్పాడు. "స్కూల్ వాళ్ళుంటే ఫూఫాజీ. ఇంట్లో ఐతే నాన్న. బస్‌లో ఐతే ముందు చూడాలి, ఎవరున్నారో."

"మావయ్య?"

"స్కూల్లో పాపా. ఇంట్లో మావయ్య."

"బజార్లో?"

"బజార్లో కూడా ముందు చూడాలి. నేను చూడలేదు, మేడం ఒక్కసారే వచ్చేసింది." తప్పు చేసినవాడిలా అన్నాడు. నన్ను కాదన్నందుకు కాదు, చూసుకోనందుకు.

"నీ పుట్టినరోజెప్పుడు?"

"అస్లీదా, స్కూల్‌దా?"

కొత్తగా పనిలో చేరినవాడికి ఏ వాల్వు తరువాత ఏది తిప్పాలో నేను ఎలా చెప్తానో, వాడు నాకు అలా ఓపికగా చెప్తున్నాడు. వరసలు, మినహాయింపులు, జాగ్రత్తలు. ఆ బుర్ర నాదే. నా బుర్రను తీసుకుని ఎవరో దానితో దొంగపని చేయిస్తున్నారు. బాబ్జీకి ఇన్ని వరసలు గుర్తుండవు. అందుకే ఎక్కడైనా చెల్లే పిలుపు ఒకటి ఖాయం చేసుకున్నాడు. అదీ "ఓయ్" సంగతి.

కాగితంలో ఇంకా మూడు పనులున్నాయి. స్టూడియోలో ముగ్గురం ఫోటో తీయించుకోవాలన్నది వాటిలో ఒకటి. కాగితం ముక్కలు చేసి కాలవలో వేశాను. పిల్లలిద్దరినీ రెండు చేతులతో పట్టుకుని రిక్షా ఎక్కాను. సగం దారిలో బాబ్జీ "ఓయ్, నా జూతా" అన్నాడు. డబ్బా గుప్‌చుప్ బండి మీదే ఉండిపోయింది. వెనక్కి తిప్పమనలేదు. ఆ బండి దగ్గర మళ్ళీ నిలబడే శక్తి నాకు లేదు.

మళ్ళీ సెక్టర్ 2

మా బావ, అంటే వరలక్ష్మి అన్న అప్పారావు, రైలు పట్టాలు చేసే షాపులో పనిచేస్తాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, వరండాలో లుంగీతో కూర్చుని ఉన్నాడు. పిల్లల్ని లోపలికి పంపి, ఎవరు చేశారీ పని అని అడిగాను.

"కూర్చోండి బావా. చాయ్ తాగండి," అన్నాడు.

"అరవకండి బాబూ," అన్నారు మామగారు. "పక్క క్వార్టరోడికి సెవులు పెద్దవి."

"అరుస్తాను. నా పిల్లలకు నేను ఎవర్నని అడుగుతున్నాను."

"ప్లాంటు బడిలో ప్లాంటోల్ల పిల్లలైతే సీటు. బయటోల్ల పిల్లలైతే లేదు. నాను రిటైరైపోనాను. మీరు బయటోల్లు. ఏటి సెయ్యమంటారు, మీరే సెప్పండి. అప్పారావు పిల్లలని రాయించినాం. ఈ సడక్‌లో ఎవులు సెయ్యలేదు?"

"పుట్టినరోజు ఎందుకు మార్చారు?"

బావ కొంచెం సిగ్గుపడ్డాడు. వాళ్ళ అమ్మాయి స్వాతి, మా కిశోర్ ఒకే ఏడాది పుట్టారు. స్వాతి జూన్‌లో, వీడు ఆగస్టులో. ఒక తల్లికి రెండు నెలల తేడాతో ఇద్దరు పుట్టరు కనుక కిశోర్ పుట్టుకను ఏడాదిన్నర ఇవతలికి, ఫిబ్రవరికి, జరిపారు. వీడు జరిగితే బాబ్జీ మీద పడతాడు కనుక వాణ్ణి కూడా జరిపారు. కిశోర్ ఒకటో తరగతిలో ఉన్నది హిందీ కోసం కాదు, ఈ లెక్క కోసం. కిందటేడు చదివిన పాఠాలే మళ్ళీ చదివి క్లాసుకు ఫస్టు వస్తున్నాడు. అంత అందమైన అబద్ధం, ప్రతి నట్టుకూ బోల్టు సరిపోయేలా బిగించిన అబద్ధం, నేను ఏ సైటులోనూ చూడలేదు.

"షాపులో నన్ను ముగ్గురు పిల్లల బాప్ అని ఏడిపిస్తన్నారు బావా," అన్నాడు అప్పారావు. "మీ చెల్లెలు నాతో రెండు నెలలు మాటాడలేదు. నాకేటి సరదానా?"

మీ చెల్లెలు అంటే అతని భార్యే. వరసకు నాకు చెల్లెలు. వరసలు సరిగ్గా పలికినందుకు కూడా కోపం వచ్చింది.

వరలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వైనా నాకు రాయలేదు," అన్నాను.

"రాస్తే ఒప్పుకుందురా?"

"ఒప్పుకోను."

"అందుకే రాయలేదు."

మామగారు దగ్గి, గొంతు సవరించుకున్నారు. "బాబూ, నాను మా అన్న పేరు మీద కొలిమి కాడ బతుకంతా నిలబడ్డాను. జీతం ఆడి పేరున వొచ్చింది, అన్నం నా పిల్లలు తిన్నారు. పేరు కంచంలో ఎట్టుకుని తింతామా?"

దానికి జవాబు నేను చెప్పకముందే వంటింట్లోంచి అత్తగారు చెప్పారు. "ఆ మాట మీరనకండి. మొన్న ఆస్పత్రి కాడ మనూరోడెవులో ఎనకనుంచి రామ్మూర్తీ అని పిలిస్తే, దొంగని పట్టుకున్నట్టు బెదిరిపోనారు. ఇంటికొచ్చి సెంబుడు నీల్లు తాగినారు."

మామగారు లేచి మునగచెట్టు కింద ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టారు.

నేను బడికి వెళ్ళి నిజం చెప్తే ఏమవుతుందో అప్పారావు చెప్పాడు. బెదిరింపుగా కాదు, మామూలుగా. "నాకు చార్జ్‌షీట్. నౌకరీ పోకపోవచ్చు. చెప్పండి, సోమవారం ఎల్తారా?" చెప్పకుండా పిల్లల్ని తీసుకుపోతే బడి ఇచ్చే టీసీలో తండ్రి పేరు అప్పారావు అనే ఉంటుంది, ఆ పేరు వాళ్ళ వెంట పదో తరగతి దాకా, ఉద్యోగం దాకా, బహుశా వాళ్ళ పెళ్ళి శుభలేఖల దాకా వస్తుంది. బిగించినవాళ్ళకు విప్పడం ఎలాగో తెలియదు. ఎవరూ ఆలోచించలేదు.

విప్పే దారి ఒక్కటే కనిపించింది. పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి. అప్పుడు పిల్లల్ని మా సైటున్న కొత్తవలసకు తీసుకుపోవాలి. టీసీ అడగకూడదు. విజయనగరం పుట్టుక కాగితంతో, అసలు వయసుతో, తండ్రి అసలు పేరుతో అక్కడి ప్రైవేటు బడిలో చేర్పించాలి. ఇక్కడ చదివిన ఏడాది లేనట్టే. ఇది వరలక్ష్మితో చెప్పాను.

"రేకుల షెడ్డు కదండీ ఆ బడి."

"ఐతే కానీ."

"సరే. ఆ బాయిలర్ కూడా లేచిపోయాక?"

బడి దొరకని ఊళ్ళ వెంట తిరిగే ఉద్యోగం నాది. వాళ్ళు చేసిన పనికి కారణం లేకపోలేదు. కారణం ఉందని తెలిశాక కోపం తగ్గుతుందని అందరూ అంటారు. నాకు తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

మైత్రీ బాగ్

ఆదివారం ఎక్కడికీ వెళ్ళకూడదనుకున్నాను. బాబ్జీ పాత చెప్పులు తొడుక్కుని తెల్లారకుండానే గేటు దగ్గర కూర్చున్నాడు. పులిని చూపిస్తానని నేనే మాటిచ్చాను.

మైత్రీ బాగ్ చాలా పెద్ద తోట. జంతువులు, చెరువులో పడవలు, పిల్లల రైలు. సగం భిలాయి అక్కడే ఉంది. ప్రతి చెట్టు కిందా ఒక దుప్పటి, దుప్పటి మీద ఒక రాష్ట్రం. బెంగాలీలు చేపల వేపుడు, మలయాళీలు ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, మనవాళ్ళు పులిహోర, కోడికూర. మనవైపు పార్కుకు వెళ్తే బఠాణీలు కొనుక్కుని తిరిగి వస్తాం. ఇక్కడ వంటిల్లంతా మోసుకొస్తారు. పాలకొండ వైపు ఆడవాళ్ళు ముగ్గురు మమ్మల్ని ఆపి, "పిల్లలకి పెట్టండి బాబూ, మిగిలిపోతాది" అని విస్తరాకులో పులిహోర పెట్టారు. వాళ్ళలో పెద్దావిడ, "పెద్దోడు అచ్చం మీ మొకమే" అంది. రెండు రోజుల్లో ఆ ఊళ్ళో నాకు ఒక మనిషి చెప్పిన నిజం అదొక్కటే. కిశోర్ చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, నవ్వాడు.

పులి నిద్రపోతోంది. బాబ్జీ చాలాసేపు "ఓయ్, ఓయ్" అని పిలిచాడు. నన్నో పులినో నాకు తెలియలేదు. ఇద్దరమూ పలకలేదు.

చెరువు గట్టు మీద కూర్చుని కిశోర్‌తో చెప్పాను. పరీక్షలవగానే కొత్తవలస వచ్చేస్తారు, అక్కడ వేరే బడి.

"స్వాతి?"

"స్వాతి ఇక్కడే."

"అక్కడ మేడం అడిగితే మీరేమవుతారని చెప్పాలి?"

"నాన్న అని."

"బస్‌లో?"

"బస్‌లో కూడా నాన్నే. బజార్లో కూడా. ఎక్కడైనా."

వాడు కాసేపు లెక్క చూసుకున్నాడు. "అదైతే ఈజీ," అన్నాడు.

వాడు ఆ మాట అంటుండగానే, పిల్లల రైలు దగ్గర వరసలో ఆ టీచర్ కనిపించింది, తన ఇద్దరు ఆడపిల్లలతో. దీన్ని విధి అనకండి. ఆ ఊళ్ళో ఆదివారం నాడు పిల్లలతో వెళ్ళగలిగే చోట్లు మూడో నాలుగో. అందరూ అందరికీ కనబడి తీరతారు.

ఆవిడ చెయ్యి ఊపి దగ్గరకు వచ్చింది. కిశోర్ నోరు తెరవలేదు. తల ఎత్తి నా వైపు చూశాడు. ఇప్పుడే కదా ఎక్కడైనా నాన్నే అన్నావు, మరి ఇప్పుడో, అని ఆ చూపు.

రాత్రంతా నేను ఒక హిందీ వాక్యం తయారుచేసుకున్నాను. ఇతని బాప్‌ను నేను అని. చిన్న వాక్యం, తప్పుల్లేనిది. అది నాలుక మీదికి వచ్చింది. పరీక్షలకు ఇంకా రెండు నెలలున్నాయి. అప్పారావు షిఫ్టు దిగి వచ్చే సైకిలు కళ్ళ ముందు కనిపించింది. రేపు పొద్దున ఈ పిల్లవాడు ఆ క్లాసులోకి ఒంటరిగా వెళ్ళాలి.

"జీ, మైఁ ఫూఫా," అన్నాను. "ఈ సాయంత్రం బండికే వెళ్ళిపోతున్నాను."

ఆవిడ మళ్ళీ రమ్మంది. పిల్లలిద్దరికీ చెరో నారింజ తొన ఇచ్చి రైలెక్కింది. ఆ చిన్న ఇంజను కూత పెట్టి మలుపు తిరిగే దాకా కిశోర్ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. తరువాత నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"మీరు బాగా చెప్పారు నాన్నా," అన్నాడు.

ఏడేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. దేనికి మెచ్చుకున్నాడో చూడండి. మామగారి మీద, బావ మీద, భార్య మీద రెండు రోజులుగా పంచిన కోపం ఆ గట్టు మీద మొత్తం నాకే తిరిగి వచ్చింది.

పవర్ హౌస్ స్టేషన్

సాయంత్రం అందరూ సాగనంపడానికి వచ్చారు. అప్పారావు నా సంచి మోశాడు, వద్దన్నా వినలేదు. స్టేషన్‌కు బజారు మీదుగానే దారి. ఆటోలు దాటుతుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఓ ఫూఫాజీ. ఫూఫాజీ, రుకో."

గుప్‌చుప్ బండివాడు. చేతిలో బాబ్జీ జోళ్ళ డబ్బా. నిన్నటి నుంచి జాగ్రత్తగా బండి కింద దాచాడు. నా పేరు తెలియదు, నిన్న బండి దగ్గర విన్నది ఒక్కటే తెలుసు, దానితోనే బజారంతా మోగేలా పిలిచాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పైగా బాబ్జీకి ఉప్పు పూరీ ఒకటి ఇచ్చి, "ఫూఫాజీ కో భీ" అని నాకూ ఒకటి ఇచ్చాడు. ఈ ఊళ్ళో నాకు దొరికిన మంచి మనిషి. నన్ను ఆ పేరుతో పిలవని చోటు కోసం వెతుక్కుంటూ ప్లాట్‌ఫాం మీదికి నడిచాను. అప్పారావు నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. వరలక్ష్మి మటుకు నవ్వలేదు.

బండి వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. అప్పారావు ఊచల్లోంచి సంచి అందించాడు.

"కోపం ఎట్టుకోకండి బావా."

"పెట్టుకుంటాను."

"సరే, ఎట్టుకోండి. ఏప్రిల్‌లో నానే దిగబెడతాను. ఇద్దర్నీ."

వరలక్ష్మి పులిహోర పొట్లం ఊచల్లోంచి అందించి, "ఏప్రిల్ పదిహేను దాటాక వస్తామని బడివాళ్ళకి ఉత్తరం రాసేయండి," అంది. ఏ బడివాళ్ళకో చెప్పలేదు. కొత్తవలస వాళ్ళకే అని అర్థమైంది.

బండి కదిలింది. బాబ్జీ కొత్త జోళ్ళు టపటపలాడిస్తూ రెండడుగులు వెంట వచ్చి "ఓయ్, టాటా" అన్నాడు. కిశోర్ కదల్లేదు. నేను వాణ్ణే చూస్తున్నాను. వాడు ముందు పుస్తకాల దుకాణం వైపు చూశాడు. తరువాత రెండో కొసన మెట్ల వంతెన వైపు చూశాడు. పిల్లలకు రోడ్డు దాటడం నేర్పినప్పుడు ఎలా చూడమంటామో, అలా. ఎవరూ లేరని నిశ్చయించుకున్నాక, పెద్దగా కాదు, నాకు వినబడేంత మాత్రం పిలిచాడు.

"నాన్నా."

నేను ఊచలకు మొహం ఆనించి, పుస్తకాల దుకాణం నుంచి మెట్ల వంతెన దాకా ఉన్న జనమంతా తిరిగి చూసేలా, "ఏరా పెద్దోడా" అని అరిచాను.